డోలీ భుజం, హెలికాప్టర్ తాడు

2022 ఫిబ్రవరిలో కేరళలోని మలంపుళ దగ్గర ఒక యువకుడు చేరాడ్ కొండ చరియలో ఇరుక్కుపోయాడు. కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వచ్చింది కానీ కొండవాలు దగ్గరికి రానివ్వలేదు, వెనుదిరిగింది. రెండు రాత్రులు గడిచాక అతణ్ని పైకి చేర్చింది తాళ్లు పట్టుకుని దిగిన సైనికులు. హెలికాప్టర్ పని ఆ తర్వాతే మొదలైంది. కొండల్లో ప్రమాదం జరిగిన ప్రతిసారీ హెలికాప్టర్ ఎందుకు రాలేదని అడుగుతాం. అడగవలసిందే. అంతకన్నా ముందు అడగవలసింది ఇంకొకటుంది: అది వచ్చేలోగా కింద ఉన్నదెవరు, వాళ్లకు ఏం తెలుసు? తమిళనాడులో రాయవేలూరుకు దక్షిణంగా లేచే జవ్వాది కొండల్లో, అణైకట్టు వైపు పల్లెల్లో, ఆ మనిషి తరతరాలుగా ఉన్నాడు. అతను డోలీ మోసేవాడు. కొండ రక్షణ వ్యవస్థ అంటూ ఇక్కడ ఏది కట్టినా అతని నుంచే మొదలుపెట్టాలని నా వాదన.

ప్రపంచంలో పేరున్న స్వచ్ఛంద దళాలు కూడా ఇదే చెబుతాయి. కెనడాలో వాంకూవర్‌కు ఆనుకుని ఉన్న కొండల్లో 1965 నుంచి పనిచేస్తున్న నార్త్ షోర్ రెస్క్యూలో సభ్యులు జీతం తీసుకోరు. ఎవరి ఉద్యోగాలు వాళ్లకున్నాయి, పిలుపు రాగానే పరుగెత్తుతారు. హెలికాప్టర్ కింద పొడవాటి తాడుకు వేలాడుతూ లోయలోకి దిగడం వాళ్ల ప్రసిద్ధ విద్య. ఆ దిగడం కొద్ది నిమిషాల పని. దాని వెనక ఏళ్ల తరబడి సాధన చేసిన ముడులు, చేతి సైగలు, గాయాన్ని కదలకుండా కట్టే నేర్పు ఉన్నాయి. మబ్బు కమ్మితే వాళ్లూ నడిచే వెళతారు. ఎండ కూడా అడ్డే: వేడికి గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఎత్తు పెరిగితే మరీనూ. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవిలో గాయపడిన సైనికులను తొలితరం హెలికాప్టర్ ఒకటి బయటికి తెచ్చినప్పుడు, ఆ వేడికి అది ఒక్కసారికి ఒక్కణ్ని మాత్రమే మోయగలిగింది. ఇప్పటి యంత్రాల బలం వేరు, గాలి స్వభావం మాత్రం అదే. మే నెల ఎండలో, చెట్లు దట్టంగా ఉన్న జవ్వాది వాలు మీద దిగాలంటే కింద చదును చూపించేవాళ్లు, గాలి ఎటు వీస్తోందో గుడ్డ ఎగరేసి చెప్పేవాళ్లు, రోగిని అక్కడిదాకా మోసుకొచ్చేవాళ్లు ఉండి తీరాలి.

ఆ మోతలో ఎంత విద్య ఉందో చూడండి. బలమైన వెదురు గడ, దానికి రెండు చివర్లా బిగించిన దుప్పటి లేదా చీర, ముందొకరు వెనకొకరు. దారి పొడవైతే మరో జత పక్కనే నడుస్తుంది, డోలీని నేల మీద పెట్టకుండానే భుజం మారుతుంది. గడకు, ఎముకకు మధ్య మడిచిన తువ్వాలు ఉంటుంది. ఇద్దరూ ఒకే కాలు ఒకేసారి వేస్తే గడ ఎగిరెగిరి పడుతుంది, లోపలి మనిషికి ప్రతి అడుగూ కుదుపే. అందుకే ముందువాడు ఎడమ కాలు వేసినప్పుడు వెనకవాడు కుడి కాలు వేయాలి. స్ట్రెచర్ మోసే దళాలకు ఇచ్చే శిక్షణలోనూ ఇదే సూత్రం. కొండ దిగేటప్పుడు రోగి కాళ్లు ముందుకు, తల ఎగువకు. ముందు నడిచేవాడు జారుడు రాయి ఎక్కడుందో, కొమ్మ ఎక్కడ అడ్డమొస్తుందో నోటితో చెబుతూ పోవాలి, ఎందుకంటే వెనకవాడికి డోలీ తప్ప దారి కనబడదు. పాము కరిచినవాడు నడవకూడదు, కరిచిన కాలు కదలకూడదు. అలాంటివాడికి డోలీ నిజంగానే మంచి వైద్యం. నొప్పులు పడే తల్లికీ అంతే.

అయితే డోలీకి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచి పొగడడం ద్రోహం. గుడ్డలో పడుకున్న మనిషి నడుము వంగుతుంది. చెట్టు మీంచి పడి వెన్నెముక విరిగినవాణ్ని అలా వంచి మోస్తే, విరిగిన ఎముక లోపలి నరాల తాడును నొక్కవచ్చు. మానగల గాయం జీవితకాలపు పక్షవాతంగా మారవచ్చు. దాని ఖరీదు ఏమిటో రాయవేలూరు పక్కనున్న బాగాయానికి తెలిసినంతగా మన దేశంలో చాలా తక్కువ చోట్లకు తెలుసు. రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో పనిచేసే డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకొచ్చారు. 1966లో బాగాయంలో మొదలైన పునరావాస సంస్థ ఆమె పట్టుదల ఫలమే. వెన్ను విరిగినవాళ్లు మళ్లీ కూర్చోవడం, బట్టలు వేసుకోవడం, పని చేసుకోవడం నేర్చుకునేది అక్కడే. సీఎంసీ సామాజిక ఆరోగ్య విభాగం ఆసుపత్రి కూడా బాగాయంలోనే ఉంది, దాని సేవలు జవ్వాది కొండల దాకా వెళతాయి. కొండ మీద చేయవలసిన మార్పు చిన్నదే: వెన్నుకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే గుడ్డ బదులు తలుపు పలక, లేదా వెదుళ్లు దగ్గరగా కట్టిన తడిక. తల పట్టుకున్నవాడి మాట మీదే మిగతా ముగ్గురూ ఒంటిని ఒక్క దుంగలా కలిపి తిప్పాలి. ఇది నేర్పడానికి కాలేజీ చదువు అక్కర్లేదు.

రోడ్డు వేయాల్సింది పోయి డోలీకి మెరుగులు దిద్దడమేమిటని అడిగేవాళ్లకు కోపం వచ్చే హక్కుంది. 2023 మేలో అణైకట్టు వైపు అల్లేరి కొండ మీది పసిబిడ్డ పాముకాటుకు గురై ఆసుపత్రి చేరేలోపే చనిపోయింది. శవాన్ని తెస్తున్న అంబులెన్సు దారి లేక ఆగిపోతే తల్లి బిడ్డను చేతుల్లో పెట్టుకుని కొండెక్కింది. అలాంటి ఊరికి రోడ్డు కావాలి, దానికి బదులు కాగల డోలీ లేదు. కానీ తేనె కోసం, పుల్లల కోసం, మేకల వెంట అడవిలోకి వెళ్లినవాడు పడేది రోడ్డు పక్కన కాదు. వానకు ఘాట్ రోడ్డు కోసుకుపోయిన రాత్రి అంబులెన్సు కింద ఆగిపోతుంది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణిలో కార్చిచ్చు ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లను చుట్టుముట్టినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చాయి, అయినా మొదట వాలు ఎక్కినవాళ్లలో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఉన్నారు. రోడ్డు వచ్చినంత మాత్రాన ఆ అవసరం తీరదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. కెనడాలో ఉద్యోగం ఉన్నవాడు సెలవు రోజున ఉచితంగా పనిచేస్తే అది సేవ. కూలికి పోతేనే పూట గడిచే జవ్వాది మనిషిని అదే చేయమంటే అది వెట్టి. అందుకే స్వచ్ఛందం అన్న మాటను ఇక్కడ యథాతథంగా దించుకోకూడదు. దీనికి తమిళనాడులోనే దారి ఉంది. చెన్నైకి దక్షిణాన వడనెమ్మేలిలో ఇరులర్ తెగవాళ్లు 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. తాతల నాటి విద్యకు లైసెన్సు వచ్చింది, డబ్బు వచ్చింది, వాళ్లు తీసిన విషం దేశమంతటికీ పాముకాటు మందు తయారీకి పోతోంది. 2023లో ఆ సంఘానికి చెందిన ఇద్దరికి పద్మశ్రీ వచ్చింది. అదే పద్ధతిలో ప్రతి కొండ ఊరికీ ఒక జట్టు ఉండవచ్చు: ఎనిమిది మంది, ఒక తడిక, రెండు తాళ్లు, మోసిన రోజుకు కూలి, ఏడాదికోసారి బాగాయంలో నాలుగు రోజుల శిక్షణ. 108కి ఫోన్ చేసినప్పుడు అంబులెన్సుతో పాటు ఆ జట్టు పెద్దకు కూడా కబురు వెళ్లాలి, ఎందుకంటే గాయపడినవాడి దగ్గరికి ముందు చేరేది అతనే.