నంబరు చూడకుండా కథ నమ్మొద్దు

పాత పిస్తోలు ఎవరు చూపించినా ముందు లోపల తూటా ఉందో లేదో చూడాలి. నూరేళ్ల నాటిదైనా, తుప్పు పట్టి బిగుసుకుపోయినా సరే. మూతి గోడ వైపు తిప్పి, రివాల్వరైతే సిలిండర్ తెరిచి, ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూసుకున్నాకే మిగతా మాటలు. పోలీసు శాఖలో ఆయుధాల మరమ్మతు పనిచేసి, రిటైరయ్యాక అనంతగిరి చేరిన నాకు ఈ అలవాటు పోలేదు. ఇక్కడ కాఫీ తోటల మధ్య ఉంటున్నా, ఘాట్ రోడ్డెక్కి వచ్చి ‘ఇది అసలుదేనా, ఎంత చేస్తుంది?’ అని అడిగేవాళ్లు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటారు.

నిరుడు చలికాలంలో విశాఖ నుంచి వచ్చిన ఓ కుర్రాడు ఫోన్లో ఫొటోలు చూపించాడు. “బాబాయ్, దామనపల్లి ఘాట్‌లో చనిపోయిన దొరల దగ్గరదట. అల్లూరి వారి మనుషుల చేతికి చిక్కిందట. కొనెయ్యమంటావా?” అన్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. హ్యామర్ ఉన్న ఫొటో పెద్దది చెయ్యమన్నాను. బొటనవేలితో వెనక్కి లాగే కొక్కెం హ్యామర్‌కు లేదు. అది .38 ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్. బ్రిటిష్ సైన్యం దాన్ని 1932లో తీసుకుంది. కొక్కెం తీసేసిన రకం 1938లో వచ్చింది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు దామనపల్లి దగ్గర చనిపోయింది 1922 సెప్టెంబరు 24న. అల్లూరి సీతారామరాజు గారు అమరులైంది 1924 మే 7న. అంటే రాజుగారు పోయిన పద్నాలుగేళ్లకు గానీ ఆ రకం రివాల్వర్ పుట్టలేదు. అమ్మేవాడికి లైసెన్సు ఉందా అంటే కుర్రాడు నీళ్లు నమిలాడు. వెంటనే దిగిపొమ్మని, ఆ బేరం జోలికి మళ్లీ వెళ్లొద్దని చెప్పి పంపాను.

మరి ఆ రోజుల్లో దొరల నడుముకు ఏముండేది? ఎక్కువగా వెబ్లీ. బర్మింగ్‌హామ్‌లో తయారైన ఈ రివాల్వర్‌ను బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, మార్క్ 6 వచ్చింది. .455 బోరు, ఆరంగుళాల బ్యారెల్, కిలో పైచిలుకు బరువు. పైనున్న గొళ్లెం నొక్కితే బ్యారెల్ ముందుకు వంగి, కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు తమంతట తామే పైకి లేస్తాయి. మనసు పెట్టి చేసిన వస్తువు. చేతిలోకి తీసుకుంటే ఆ పనితనం తెలుస్తుంది, ఎవరిని కాల్చడానికి చేశారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. రెండూ నిజమే.

అసలుదనం చూడాలంటే మొదట నంబర్లు. ఫ్రేమ్ మీది నంబరూ సిలిండర్ మీది నంబరూ ఒకటేనా? వేర్వేరైతే ఏదో ఒకటి తర్వాత బిగించిందని లెక్క. తర్వాత గుర్తులు. బాణం ములుకు ముద్ర ప్రభుత్వ సొత్తని చెబుతుంది. రెండు ములుకులు ఎదురెదురుగా ఉంటే సైన్యం దాన్ని వదిలేసి అమ్మేసిందని అర్థం. ఆ తర్వాత రంగు. పాత నీలపు పూత వాడకం తగిలే అంచుల్లో అరిగిపోయి, లోపలి మూలల్లో నిలిచి ఉంటుంది. మళ్లీ పాలిష్ పట్టి రంగు వేయించిన దానికి అన్ని చోట్లా ఒకే నిగనిగ, అంచులు గుండ్రం, అక్షరాలు పలచన, స్క్రూ రంధ్రాల చుట్టూ సన్నటి గుంట. వేలి కొసతో తడిమినా దొరికిపోతుంది. స్క్రూ తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో చేతగానివాడు విప్పాడన్నమాట. విదేశాల్లో సేకర్తలు కొత్తగా మెరిసేదాని కన్నా నిజాయితీగా మాసినదానికే ఎక్కువ ధర పెడతారు. అమెరికాలో దొరికే .45 తూటాలు పట్టాలని సిలిండర్ వెనక భాగం అరగదీసిన వెబ్లీలు బోలెడు. వాటికి విలువ తగ్గుతుంది.

మన కొండల్లో ఇంకో పరీక్ష ఉంది. ఇక్కడి వాన, పొగమంచు ఇనుమును వదిలిపెట్టవు. నూరేళ్లు ఏజెన్సీ గుడిసె చూరులో ఉన్నదంటూ నల్లగా తళతళలాడే పిస్తోలు చూపిస్తే నేను నమ్మను. గుంటలు పడాలి, గోధుమ రంగు తుప్పు పాకాలి. అవి లేవంటే వస్తువు మారి ఉండాలి, లేదా కథ మారి ఉండాలి.

నకిలీలూ తక్కువేం కాదు. పెషావర్ దగ్గర దర్రా ఆదం ఖేల్‌లో వెబ్లీలను చేత్తోనే దించేస్తారు. ముద్రలోని ఇంగ్లిష్ అక్షరాలు తిరగబడి, కిరీటం వంకరగా ఉంటే అక్కడిదేనని అనుమానించాలి.

నంబరు ఎంత పని చేస్తుందో భగత్ సింగ్ పిస్తోలు చూపించింది. 1928లో లాహోర్‌లో పోలీసు అధికారి సాండర్స్ మీద పేల్చిన .32 కోల్ట్ అది. పంజాబ్ పోలీసు శిక్షణ కేంద్రం నుంచి 1969లో ఇండోర్‌లోని బీఎస్‌ఎఫ్ ఆయుధ మ్యూజియానికి వెళ్లి, తుప్పు పట్టకుండా వేసిన నల్ల పెయింటు కింద ఎవరికీ తెలియకుండా ఉండిపోయింది. కేసు కాగితాల్లో ఉన్న నంబరు 168896. పెయింటు గీకి చూస్తే అదే నంబరు. ఎవరి నోటిమాటా అక్కర్లేకుండా పోయింది.

మన మన్యం పోరాటానికీ అలాంటి కాగితం ఉంది, అదీ రాజుగారి చేతి మీదుగా. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద ఆయన దళం దాడి చేసింది. మూడు స్టేషన్ల నుంచి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు తీసుకున్నారు. తీసుకున్నవాటి వివరాలు స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. ఏళ్ల తరబడి బెల్ ఆఫ్ ఆర్మ్స్, అంటే పోలీసు ఆయుధాల గది, రిజిస్టర్లు రాసినవాణ్ణి నేను. ఆ సంతకం సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. అన్యాయంగా తీసుకునేవాడు లెక్క రాసిపెట్టడు.

అందుకే ఆయన పేరు చెప్పి దొంగ సరుకు అమ్మడం నాకు కోపం తెప్పిస్తుంది. లంబసింగి దగ్గరి తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల కోసం తలపెట్టిన మ్యూజియంలో ఆయుధం ఏది పెట్టినా, దాని నంబరు, ముద్రలు, ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనే రాసి పెట్టాలి. ఆనాటి మద్రాసు ప్రభుత్వ కాగితాలతో పోల్చి చూడకుండా ‘రాజుగారి కాలం నాటిది’ అని చీటీ అంటించకూడదు.

ఇళ్లలో పాత ఆయుధాలు ఉన్నవాళ్లకు ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధానికే మినహాయింపు. పేలే అవకాశం ఉంటే తాతలనాటిదైనా లైసెన్సు కావాల్సిందే. నూరేళ్లు దాటిన పురావస్తువును సొంతంగా దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. అటక మీద ఏదైనా దొరికితే ఎమ్రీ పేపర్ పెట్టి రుద్దకండి, నూనెలో నానబెట్టకండి, ట్రిగ్గర్ ముట్టుకోకండి. స్టేషన్‌కు కబురు చేయండి. అప్పగించేటప్పుడు నంబరు రాయించుకుని రసీదు తీసుకోండి.