ఉన్నారేటర్రా!

గాలి పూర్తిగా తగ్గకముందే గడప దాటిన పిలుపా, నీకు దండం.

2018 అక్టోబరు 11. దసరా నవరాత్రులు మొదలైన మర్నాటి తెల్లవారుజాము. నాలుగున్నరకీ ఐదున్నరకీ మధ్య తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఆ చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ఆ గంటంతా తలుపులకి వీపులు ఆనించి కూర్చుంది. కొబ్బరి, జీడి, పనస నీడన బతికిన నేల అది. అక్కడ తోట వేరు, ఇల్లు వేరు కాదు. తోటలోనే ఇల్లు. చెట్టు పడితే ఇంటి మీదైనా పడాలి, దారి మీదైనా పడాలి. తెల్లారి చూస్తే వీధి కనబడలేదు. అడ్డదిడ్డంగా కొబ్బరి మానులు, వేళ్ళతో లేచిపోయిన జీడిచెట్లు, ఎవరింటివో ఎగిరొచ్చిన రేకులు, తెగి వేలాడే కరెంటు తీగలు. ఆ కొమ్మల సందుల్లోంచి వచ్చావు నువ్వు.

"ఉన్నారేటర్రా!"

ఎంత చిన్న మాట! ఆస్తి ఎంత పోయిందని అడగవు, ఎన్ని చెట్లు కూలాయని అడగవు. ఆ లెక్కలకి తర్వాత కాగితాలతో మనుషులు వస్తారు. మనుషుల లెక్క మాత్రం నువ్వు ఆ పొద్దునే ముగించావు. పేరుపేరునా, ఇంటి వెనక ఇల్లుగా, పెద్దాయన్ని "మావా" అని, పక్కింటావిడని "వొదినా" అని. బదులు వచ్చిన ఇంటి దగ్గర నిలబడక, రాని ఇంటి వైపు నడిచిన కాళ్ళకి దండం.

వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ సంగతి మామూలు రోజుల్లో పొగే చెబుతుంది. పాక మీద పొగ లేచిందంటే అప్ప లేచిందని లెక్క. ఆ పొద్దున ఏ ఇంట్లోనూ పొయ్యి రాజలేదు. కట్టెలు తడిసిపోయాయి, అగ్గిపెట్టె నానిపోయింది. అందుకని మనిషే వెళ్ళాలి. మోకాలెత్తు దుంగలు ఎక్కి దిగుతూ, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, రాత్రి మిగిలిన చోడంబలి చెంబులో పట్టుకుని ఒక ఆడమనిషి వెళ్ళింది.

"ఓలప్పా! ఉన్నావేటే?"

కాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత లోపల్నుంచి విసుగ్గా ఒక గొంతు. "నానున్నాను. సూరెల్లిపోనాది గానీ నానున్నాను. ముందు ఆ బువ్వకుండ సూడు, దూలం దాని మీద పడిపోనాది!"

ఆ విసుగుని మించిన శుభవార్త ఆ పూట వీధికి లేదు.

ఉద్దానంలో నీకు ఇంకో ప్రశ్న తోడవుతుంది: "డయాలసిస్ ఎప్పుడు?" కిడ్నీ జబ్బు ఊరూరా పాకిన ప్రాంతం, ఫలానా కారణమని ఈనాటికీ తేలని జబ్బు. వారానికి రెండుసార్లో మూడుసార్లో పలాసకో సోంపేటకో వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుంటే తప్ప నిలవని ప్రాణాలు. తుఫానుకి వారవర్జ్యాలు లేవు. ఆ రోజు గురువారం. గురువారం ఎవరి వంతో ఇంట్లోవాళ్ళతో పాటు వీధికీ తెలుసు. అందుకే గొడ్డలి మొదటి దెబ్బ పడేది సర్పంచి గుమ్మం ముందు కాదు, ఆ రోగి గుమ్మం నుంచి రోడ్డుకెళ్ళే దారిలో. మానంతా తీసే తీరిక ఎక్కడిది? మోటారుసైకిలు పట్టేంత సందు చాలు. ముందు నడిపేవాడు, మధ్యలో రోగి, పడిపోకుండా వెనక నుంచి పొదివి పట్టుకున్న పక్కింటి కుర్రాడు. ఆ సందు చేసిన గొడ్డలికి దండం, దాన్ని పట్టి బొబ్బలెక్కిన అరచేతికి దండం.

కరెంటు లేదు కాబట్టి మోటార్లు ఆడవు, మోటార్లు ఆడకపోతే మంచినీళ్ళు లేవు. కూలిన చెట్టు కిందే బొండాలు కుప్పపడి ఉన్నాయి. పిల్లలకి కొట్టి ఇచ్చింది ఆ తోట యజమానే. మొక్క పాతి, నీళ్ళు మోసి, ఆరేడేళ్ళు కాపు కోసం ఎదురుచూసిన మనిషి, ఆ చెట్టు చివరి కాయల్ని "తాగండర్రా" అని పంచాడు. ఆ మాట కూడా నీ చుట్టమే.

హైదరాబాదులోనో చెన్నైలోనో కూలికి పోయిన కొడుకు రోజంతా ఫోను కొడతాడు. టవర్లు పడిపోయిన చోట ఎక్కడో ఒక్క ఫోను పలుకుతుంది. "మాయమ్మ ఎలగుంది?" అని ఇటు అడుగుతాడు. తెలీదన్న మాట రాదు. "ఉండు, సూసొచ్చి సెప్తాను" అంటారు. ఛార్జింగు అయిపోతుందని ఫోను ఆపేసి, తోటకి అడ్డంపడి వెళ్ళి, ఆమెని కళ్ళారా చూసి, మళ్ళీ సిగ్నలు అందే గట్టు మీదికి వచ్చి చెబుతారు. తన ఇంటి మీద కప్పు లేని మనిషి చేస్తాడు ఈ పని.

నిన్ను పొగిడేటప్పుడు అబద్ధం ఆడకూడదు. తుఫానుతో గట్టు తగాదాలు కొట్టుకుపోయాయని రాస్తే అది కథ. సంక్రాంతి నాటికి ఆ గట్టు దగ్గర మళ్ళీ గొంతులు లేస్తాయి. అన్ని గుమ్మాలకీ ఒకేసారి వెళ్ళవు నువ్వు. ముందు సొంత వీధి, ఆ తర్వాత సొంత కులం, గెడ్డ అవతలి పేట మాత్రం పొద్దెక్కాక గుర్తొస్తుంది. సాయం తెచ్చిన లారీ హైవే పక్క ఊళ్ళోనే ఖాళీ అయిపోయినట్టు, నువ్వూ దగ్గర చూసుకుని ఆగిపోతావు. ఇంత దండం పెట్టినవాళ్ళకి ఈ మాట అనే హక్కుంది. నీ గొంతు గెడ్డ దాటాలి.

తీరంలో ఉండేవాళ్ళకి ఒక మనవి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. అక్టోబరు ఏటేటా వస్తుంది. హెచ్చరిక వినగానే కొవ్వొత్తులకీ బ్యాటరీలకీ కొట్టుకెళ్తారు కదా, తిరిగొచ్చేటప్పుడు వీధి చివరి ఇంటి తలుపు తట్టండి, గెడ్డ అవతలి ఇంటిది కూడా. లోపల ఎవరుంటున్నారో, ఏ మందులు వాడుతున్నారో, డయాలసిస్ ఏ రోజో అడిగి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోనులో వద్దు, ఛార్జింగు ఉండదు.