వేసవి పాటలో నీడ

1964 మే 20 రాత్రి రూడీ లూయిస్ చనిపోయాడు. ‘ద డ్రిఫ్టర్స్’ బృందానికి అప్పట్లో ప్రధాన గాయకుడతను. తెల్లారితే న్యూయార్క్‌లో రికార్డింగు. వాద్యకారులను పిలిచేశారు, స్టూడియో మాట్లాడేశారు, ఇక ఆపలేదు. అతను పాడవలసిన పాటను అదే బృందంలోని జానీ మూర్ పాడాడు. అదే ‘అండర్ ద బోర్డ్‌వాక్’. ఆ వేసవిలో బిల్‌బోర్డ్ జాబితాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది.

పాటలో సంగతి చిన్నది. సముద్రపు ఒడ్డున జనం నడవడానికి చెక్కలతో ఎత్తుగా వేసిన దారి ఉంటుంది. పైన ఎండ మాడ్చేస్తోంది. ఆ చెక్కల కింద, నీడలో, ఓ జంట. అంతే. బెజవాడ ఎండల్లో పెరిగినవాణ్ని కాబట్టి ఆ పాట నాకు మొదటిసారి విన్నప్పుడే వంటబట్టింది. ఇసుకలో ఆటలు, ఈత దుస్తులు నాకు పరాయివే. కానీ మిట్టమధ్యాహ్నం నీడ దొరకడమంటే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆ నీడను స్వరాల్లో ఎలా పట్టుకున్నారో చూడండి. చరణం మేజర్ అనే పాశ్చాత్య స్వరవరసలో, మంచి వెలుతురుగా నడుస్తుంది. పల్లవి దగ్గరికి రాగానే, అంటే చెక్కల కిందికి దిగగానే, పాట మైనర్ అనే దిగులు వరసలోకి మళ్లుతుంది. సంగీతం నేర్చుకున్న పాఠకులకు మన లెక్కలో చెబుతాను: శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జంగా పెట్టుకుంటే నటభైరవి వస్తుంది కదా, అలాంటి గ్రహభేదమే ఇక్కడా. స్వరాలు అవే, నిలబడిన చోటు మారింది. ఎండలోంచి నీడలోకి వచ్చిన మనిషికి జరిగేదీ అదే కదా! వెనకాల గాట్లు పెట్టిన సొరబుర్ర మీద పుల్లతో గీకినట్టు ఓ చప్పుడు వినిపిస్తుంది. అది గీరో, లాటిన్ అమెరికా వాయిద్యం. దాని మీద వయొలిన్లు. కెన్నీ యంగ్, ఆర్థర్ రెస్నిక్ రాసిన ఈ పాటలో సుఖమంతా ఉన్న చోటే మైనర్ పడింది. తోటి గాయకుడు పోయిన మర్నాడు ఉత్త సంబరం పాడమంటే ఏ గొంతు పలుకుతుంది? ఈ పాట జానీ మూర్ దుఃఖానికి కూడా కాస్త చోటిచ్చింది. అందుకే ఆ గొంతు అంత నిజంగా ఉందని నా నమ్మకం.

అరవైల అమెరికాలో వేసవి పాట పెద్ద వ్యాపారం. జూన్‌లో బళ్లు మూస్తే చాలాచోట్ల సెప్టెంబరు దాకా తెరవరు. కారులో రేడియో, చేతిలో ట్రాన్సిస్టర్, 45 ఆర్‌పీఎం రికార్డు కొనుక్కునేంత డబ్బున్న కుర్రకారు. వాళ్ల కోసం మూడు నిమిషాలు మించని పాటలు ఏటేటా గంపలకొద్దీ వచ్చేవి. చాలావాటిని ఆ సెప్టెంబరుకే మరిచిపోయారు. నిలిచినవాటిని ఏళ్ల తరబడి వింటూ వచ్చాక నాకు ఒక సంగతి తేటపడింది. వాటిలో ఎక్కడో ఒకచోట ఉక్కపోతో, శ్రమో, దిగులో ఉంది. కట్టినవాళ్లు దాన్ని కప్పిపెట్టలేదు. సంతోషంతో కలిపే కట్టారు.

బీచ్ బాయ్స్ గురించి క్లుప్తంగానే చెబుతాను, వాళ్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కనక. అలల మీద స్వారీని ప్రపంచమంతా చాటిన ఆ బృందంలో నిజంగా సర్ఫింగ్ చేసినవాడు డెన్నిస్ విల్సన్ ఒక్కడే. పాటలు కట్టిన అన్న బ్రయన్ విల్సన్‌కు ఒక చెవి వినపడేది కాదు. ఫోర్ ఫ్రెష్‌మెన్ అనే బృందం రికార్డులు పెట్టుకుని, కలిసి పాడే గొంతుల్ని ఒక్కొక్కటిగా విడదీసి, పియానో ముందు కూర్చుని నేర్చుకున్నాడు. 1965లో వచ్చిన ‘కాలిఫోర్నియా గర్ల్స్’ సాహిత్యం నాకు రుచించదు. ఊరూరి అమ్మాయిల్నీ వరసపెట్టి చెప్పుకొచ్చే పాట అది. కానీ గొంతు మొదలయ్యే ముందు వచ్చే ఆ వాద్యసంగీతం కోసం ఎన్నిసార్లయినా వింటాను.

సముద్రం ఊసే లేని వేసవి కావాలంటే 1966కు రావాలి. ‘ద లవిన్ స్పూన్‌ఫుల్’ బృందం పాడిన ‘సమ్మర్ ఇన్ ద సిటీ’. ఆ బృందం గాయకుడు జాన్ సెబాస్టియన్ తమ్ముడు మార్క్ కుర్రవయసులో రాసుకున్న కవిత దీనికి మొదలు. జాన్, బృందంలోని స్టీవ్ బూన్ చెయ్యి వేశాక పాటయింది. పగలంతా మైనర్‌లో నడుస్తుంది. తారు రోడ్డు సెగ, ఊపిరాడని జనం, మెడ మీద చెమట. రాత్రి కాగానే మేజర్‌లోకి తెరుచుకుంటుంది. బోర్డ్‌వాక్ పాటకు ఇది తలకిందులు. అక్కడ ఎండ మేజర్, నీడ మైనర్. ఇక్కడ ఎండే మైనర్. రెండూ నిజమే, ఎందుకంటే ఒకటి సెలవులో ఉన్నవాడి ఎండ, ఇంకొకటి ఊళ్లోనే ఉండిపోయినవాడి ఎండ. మధ్యలో కార్ల హారన్లు, రోడ్డు తవ్వే యంత్రం మోత వినిపిస్తాయి. వాటి కోసం పాతకాలపు రేడియో నాటకాలకు శబ్దాలు చేసిన మనిషిని పిలిపించుకున్నారు. ఆ ఏడు జూలైలో న్యూయార్క్ నిజంగానే వడగాడ్పుకు అల్లాడిపోయింది. ఆగస్టులో ఈ పాట మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది.

ఆ దశాబ్దపు వేసవి పాటలన్నిటిలోకీ నా లెక్కలో పెద్దపీట మాత్రం ‘డాన్సింగ్ ఇన్ ద స్ట్రీట్’కే. 1964 జూలై చివర్లో వచ్చింది. డెట్రాయిట్‌లో ఎండలు ముదిరితే వీధుల్లో మంటలార్పడానికి పెట్టిన నీటి కుళాయిల్ని జనం విప్పేసేవారు. పిల్లలు ఆ నీళ్లలో తడిసి గంతులేసేవారు. అది చూసి మిక్కీ స్టీవెన్సన్‌కు పాట తట్టింది. మార్విన్ గే, ఐవీ జో హంటర్‌లతో కలిసి రాశాడు. పాడింది మార్తా రీవ్స్. మోటౌన్ అనే రికార్డుల కంపెనీలో ఆమె మొదట ఆఫీసు పని చూసుకునేది. ఒకసారి గొంతెత్తి పాడేసింది, తీరా చూస్తే టేపు తిరగలేదన్నారు. ఒళ్లు మండి రెండోసారి పాడింది. మనం వింటున్నది ఆ రెండోదే. ఆ పిలుపులో ఉన్న కసురు అక్కడిదే.

ఇక ఆ పాటలో వినిపించే దెబ్బ. మోటౌన్ స్టూడియో అప్పట్లో ఉన్నది వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లోని ఓ ఇంట్లో. ఇంటి వెనక, అంతకుముందు ఫొటోలు తీయడానికి వాడిన గది అది. అక్కడ డ్రమ్ములు సరిపోలేదని హంటర్ గునపం లాంటి ఇనుప కడ్డీ పట్టుకుని నేలకేసి కొట్టాడు. నేను పాట వినేటప్పుడు ఒక్కో విడతకు ఒక్క వాయిద్యాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్తాను. ఈ పాటలో మాత్రం ఆ దెబ్బను వదిలి వేరేదాని వెంట పడటం నా తరం కాదు. సుతిమెత్తని సంగీతమంతా దాని మీదే నిలబడింది. అది పండగ చప్పుడు కాదు, పని చప్పుడు. కార్ల కర్మాగారాల ఊరి చప్పుడు. మోటౌన్ వాళ్లు తమ పాటల్ని కారు స్పీకరంత చిన్న స్పీకరులో పెట్టి సరిచూసుకునేవారు, జనం వినేది అందులోనే కనక. అంత చిన్న డబ్బాలోంచి కూడా ఆ ఇనుము ఖంగుమంటుంది.

ఆ పాటలో పేర్లు వచ్చే నగరాలు షికాగో, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ లాంటివి. నల్లజాతి జనం పెద్దసంఖ్యలో బతుకుతున్న ఊళ్లు. పౌరహక్కుల చట్టం మీద సంతకం పడ్డ నెలలోనే, అందరూ వీధిలోకి రండి అనే పాట వచ్చింది. ఎవరికి ఎలా వినపడాలో అలాగే వినపడింది. తాను పాడింది ఆటపాటల కోసమేనని మార్తా రీవ్స్ ఎన్నోసార్లు చెప్పింది. 1967 జూలై 23న డెట్రాయిట్ ఫాక్స్ థియేటర్‌లో ఆమె వేదిక మీద ఉండగా ఊళ్లో అల్లర్లు చెలరేగాయన్న కబురు వచ్చింది. జాగ్రత్తగా ఇళ్లకు వెళ్లమని ప్రేక్షకులకు ఆమే చెప్పాల్సి వచ్చింది. రాసినవాళ్ల చేతుల్లో లేని బతుకు ఆ పాటకు వచ్చింది. అయినా ఏ ఊరేగింపూ దాన్ని పాడు చేయలేదు, ఏ పెళ్లి విందూ దాన్ని పలచన చేయలేదు. గట్టిగా కట్టిన పాట అలా ఎన్ని చేతులు మారినా చెక్కుచెదరదు.

ఈ పాటలు వింటుంటే నాకు మన పాట కట్టేవాళ్లతో ఒక మాట చెప్పాలనిపిస్తుంది. మన సినిమా పాట వానకు ఇచ్చినంత చోటు ఎండకు ఇవ్వలేదు. వసంతానికి కోయిలను ఇచ్చి, అక్కణ్నించి నేరుగా తొలకరికి దూకేస్తాం. మధ్యలో ఉన్న రెండు నెలలూ మనం బతకలేదా? డెట్రాయిట్ వీధి కుళాయికి ఏమాత్రం తీసిపోని చలివేంద్రాలు మన కూడళ్లలో ఉన్నాయి. కరెంటు పోయిన రాత్రి డాబాలెక్కిన వాడకట్టు ఉంది. మధ్యాహ్నం రెండింటికి కాగిన తారు పోస్తూ రోడ్డు మీద నిలబడ్డ మనిషి ఉన్నాడు. ఎవరైనా మన ఎండకు ఒక మంచి పాట కట్టండి. అందులోకి మామిడిపండుతో పాటు ఆ తారు పోసే మనిషినీ రానివ్వండి.