ఆరో వారం రాత్రి డ్యూటీ

దీపాలు పెట్టే వేళైందంటే చంటిపిల్ల ఏ ఇంట్లో ఉందో వీధంతటికీ తెలిసిపోతుంది. పగలంతా పాలు తాగి బజ్జున్న పిల్ల సరిగ్గా అప్పుడే ముఖం కందగడ్డ చేసుకుని, పిడికిళ్లు బిగించి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుపు లంకించుకుంటుంది. తల్లాడ సెంటర్లో కొత్తగూడెం రోడ్డుకి మలుపు తిరిగే లారీల హారన్లకి ఏనాడో అలవాటుపడ్డ చెవులు మావి. ఈ ఏడుపుకి మాత్రం పడలేకపోతున్నాయి.

మా ఇంట్లో ఇప్పుడు మనవరాలి వంతు. అమ్మాయి తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ కడుపులో గాలి చేరిందని తేల్చేసి, తలో వైద్యం చెప్పి, కాఫీ తాగి వెళ్తున్నారు. ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ పట్టు వేయమని ఒకరు. ఆముదం రాసిన తమలపాకుని సెగ చూపించి పొట్టమీద పరచమని ఇంకొకరు. ఆకుని ముందు మన చెంపకి ఆనించి వేడి చూసుకుంటే ఆ వైద్యంతో నాకు పేచీ లేదు. "ముందు దిష్టి తీయండయ్యా" అంది ఎదురింటి పెద్దమ్మ. తీశాం. ఖమ్మం మిర్చి ఘాటు తెలిసినవాళ్లం కాబట్టి పిల్ల ముక్కుదాకా రాకుండా దూరంగా వాకిట్లో కాల్చాం.

నా పేచీ అంతా నోట్లో పోసేవాటితోనే. ఆర్నెల్లదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. మనం వసకొమ్ము అరగదీసి నాకిస్తాం. అదే వసని తిండి పదార్థాల్లో కలపకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది. తేనె అయితే ఏడాది నిండేదాకా ముట్టించకూడదు, అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసివాళ్ల నరాలని పడగొడుతుంది. ఇక గ్రైప్ వాటర్. అమ్మమ్మ చెప్తే అమ్మ పట్టిందనే ప్రకటన చూస్తూ పెరిగిన తరం మాది. దాని పుట్టుక 1851లో, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో. విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన ఆ తొలి మందులో సోపుని పోలిన దిల్ గింజల నూనె, వంటసోడాతో పాటు సారా కూడా ఉండేది. అప్పటి పిల్లలు ఎందుకంత హాయిగా నిద్రపోయారో వేరే చెప్పాలా! ఇప్పటి సీసాల్లో సారా లేదు, ఆ మేరకు మహిమా తగ్గే ఉంటుంది. వీటన్నిటికన్నా ఘోరం ఒకటుంది. పక్కన ఒడిశా గిరిజన జిల్లాల్లో పొట్ట ఉబ్బిందని పసికందుకి ఇనుము కాల్చి వాతలు పెట్టారన్న వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉన్నాయి.

అసలు ఇదంతా గాలి చేసే పనేనా? 1954లో మోరిస్ వెస్సెల్ అనే అమెరికా పిల్లల డాక్టరు ఈ ఏడుపుకి ఒక లెక్క కట్టాడు. ఒంట్లో ఏ రోగమూ లేని పిల్ల రోజుకి మూడు గంటలకి మించి, వారంలో మూడు రోజులకి మించి, మూడు వారాలకి మించి ఏడిస్తే అది కోలిక్. పుట్టిన రెండో వారం ప్రాంతంలో ఏడుపు మొదలై, ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకి దానంతటదే సద్దుమణుగుతుంది. కారణం ఇదీ అని డాక్టర్లు ఇప్పటికీ ఖాయంగా చెప్పలేకపోతున్నారు. గాలి వల్ల ఏడుస్తుందని మనం అనుకుంటాం గానీ, ఏడ్చి ఏడ్చి గాలి మింగడమూ ఉంది. పాలు తాగాక త్రేన్పు తెప్పిస్తే ఏడుపు తగ్గుతుందా అని చండీగఢ్‌లో 71 మంది తల్లీబిడ్డల మీద పరీక్ష చేసి 2015లో అచ్చు వేశారు. ఏడుపు చెప్పుకోదగ్గంత తగ్గలేదు సరికదా, పాలు కక్కడం ఎక్కువైంది.

ఇది చదివాక కూడా నేను పిల్లని భుజాన వేసుకోవడం మానలేదు. త్రేన్పు వచ్చినా రాకపోయినా భుజం మీద ఊరుకుంటోంది, నాకదే పదివేలు. భుజం మీద ఆగని పూట మోచేతి పట్టు. ఎడమ మోచేతి మడతలో పిల్ల చెంప, ముంజేయి పొడుగునా బోర్లా పొట్ట, కాళ్ల సందున నా అరచేయి. తల ఒక పక్కకి, ముక్కు పైకి ఉండాలి. కుడిచేత్తో వీపు మీద నిమురుతూ నడవాలి. కాసేపటికి పొట్ట గుడగుడలాడటం మన ముంజేతికే తెలుస్తుంది. ఆ వెంటనే వినబడే చప్పుడుకి మా ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. బోర్లా పట్టు మెలకువలోనే సుమా, పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలానే.

అసలు కష్టమంతా ఆ పడుకోబెట్టడంలో ఉంది. చేతుల్లో నిద్రపోయిన పిల్ల వీపు పక్కకి తగలగానే కళ్లు తెరుస్తుంది. జపాన్‌లో రికెన్ పరిశోధన సంస్థ వాళ్లు 2022లో దీనికో కిటుకు చెప్పారు. ఐదు నిమిషాలు ఎత్తుకుని ఆగకుండా నడవండి, నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అలాగే ఎత్తుకుని కూర్చోండి, అప్పుడు పక్కమీద వేయండి అని. నడక మనకి ఎటూ తెలుసు. కూర్చోవడమే తెలియదు, నిద్రపోయింది కదా అని వెంటనే దించేస్తాం. ప్రతిసారీ ఫలిస్తుందని పూచీ ఇవ్వను గానీ, మా ఇంట్లో మటుకు పనికొచ్చింది.

ఇలా చెప్పుకుంటూ పోతే చివరికి తేలేది, పిల్ల బాధ తీర్చే మందు లేదు, మార్చి మార్చి ఎత్తుకునే చేతులే కావాలని. పుట్టింటి కానుపు అనే మన ఆనవాయితీ ఆ చేతులనే సమకూర్చింది. అమ్మాయిని మూడో నెలలోనో ఐదో నెలలోనో పంపిస్తాం, అప్పటికి ఏడుపూ తగ్గుముఖం పడుతుంది. కానీ పుట్టింట్లో అమ్మ లేని పిల్లలున్నారు. అమ్మ ఉన్నా తెల్లారితే మిర్చి కోతకి పోవాల్సిన ఇళ్లున్నాయి. వాళ్లకి రాత్రిపూట తోడెవరు?

సర్కారు తరఫున వచ్చేది ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డని 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. 42వ రోజంటే సరిగ్గా ఆరో వారం, ఏడుపు ముదిరే వారం. ఆ తర్వాత మళ్లీ ఆమె రావాల్సింది మూడో నెలలోనే. కాబట్టి ఆ చివరి రోజున తూకం చూడగానే ఆమెని పంపేయకండి, ఏడుపు సంగతీ అడగండి. పిల్ల ఆకుపచ్చగా కక్కినా, పాలు మానేసినా, పొట్ట గట్టిపడినా, విరేచనంలో నెత్తురు కనిపించినా, జ్వరం 100.4 డిగ్రీలు తాకినా అది మామూలు ఏడుపు కాదు. తమలపాకు పక్కన పెట్టి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అలాగే ఏడుపు వినీ వినీ ఎత్తుకున్న మనిషికి కోపం తన్నుకొస్తే, పిల్లని పక్కమీద వెల్లకిలా వేసి కాసేపు బయటికి వెళ్లి రావచ్చు. ఏడిస్తే పిల్లకేం కాదు. విసురుగా ఊపితే మెదడులో నెత్తురు చిమ్ముతుంది.

ఈ లెక్కలో ఇంతవరకూ కనబడని మనిషి ఒకడున్నాడు. పిల్ల తండ్రి. మన పుట్టింటి పద్ధతి అతన్ని ఆదివారం మధ్యాహ్నం కోడికూరకి వచ్చి పోయే చుట్టాన్ని చేసింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, బిడ్డ పుట్టిన ఆర్నెల్లలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఎక్కువమంది దాన్ని ఆసుపత్రికీ బారసాల భోజనాలకీ ఖర్చుపెట్టేస్తారు. అల్లుళ్లకి నా విన్నపం: ఆ సెలవు కాస్త ఆరో వారానికి దాచుకోండి. సెలవే లేని ఉద్యోగమైతే ఆదివారం భోజనానికి బదులు శనివారం రాత్రికి రండి. కోడికూర తెల్లారి కూడా ఉంటుంది.