చరిత్ర చదివి ఏం చేస్తారు?
(వార్తాన్ గ్రెగోరియన్ ఆత్మకథ గురించి కొన్ని ఆలోచనలు)

మా అమ్మాయి కాలేజీలో రెండో ఏట చరిత్ర మేజర్‌గా తీసుకుంటానన్నప్పుడు, "చరిత్ర చదివి ఏం చేస్తావమ్మా?" అని అడిగింది నేనే. శనివారం విందుల్లో ఇలాంటి పిల్లల గురించి మనం ఎంత జాలిగా మాట్లాడుకుంటామో మీకు తెలియనిది కాదు. ఆ రోజుల్లో ఒక మిత్రుడు వార్తాన్ గ్రెగోరియన్ ఆత్మకథ "ది రోడ్ టు హోమ్" నా చేతిలో పెట్టి, "చరిత్రకారుడు యూనివర్సిటీ ప్రెసిడెంటయ్యాడు, నువ్వు దిగులు పడకు" అన్నాడు. 2003లో వచ్చిన ఈ పుస్తకాన్ని నేను ఆ ధైర్యం కోసమే తెరిచాను. అది ఇచ్చిన జవాబు మాత్రం వేరు.

గ్రెగోరియన్ 1934లో ఇరాన్‌లోని తబ్రీజ్‌లో ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. పెంచింది అమ్మమ్మ. పదిహేనేళ్ల వయసులో అతి కొద్ది డబ్బుతో బీరూట్ చేరి చదువుకున్నాడు. 1956లో స్టాన్‌ఫర్డ్‌కు వచ్చి, రెండేళ్లలో బి.ఏ., 1964లో పిహెచ్.డి. పూర్తిచేశాడు. తబ్రీజ్, బీరూట్ అధ్యాయాలు ఈ పుస్తకానికి ప్రాణం. అమ్మమ్మ గురించి రాసిన చోట పండితుడు కనిపించడు, మనవడు కనిపిస్తాడు. దేశం విడిచి వచ్చినవాళ్లం కదా, ఆ పేజీలు మనకు చప్పున అర్థమవుతాయి.

ఆయన చరిత్రకారుడిగా నిలిచింది 1969లో వచ్చిన అఫ్ఘానిస్తాన్ చరిత్రతో. 1880 నుంచి 1946 వరకు ఆ దేశంలో సంస్కరణలు ఎలా నడిచాయో, ఎక్కడ బెడిసికొట్టాయో అందులో చెప్పాడు. ఆధునికత తేవాలని తొందరపడిన అమానుల్లా రాజు 1929లో గద్దె దిగవలసి వచ్చింది. పైనుంచి ఆజ్ఞ వేసినంత మాత్రాన సమాజం కదలదన్న సంగతి ఆ పుస్తకం నుంచి నేను గ్రహించింది. ఆయన తర్వాతి ఉద్యోగ జీవితాన్ని కూడా ఈ గీటురాయి మీదే చూడాలని నాకనిపిస్తుంది.

1974లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆర్ట్స్ అండ్ సైన్సెస్ విభాగానికి మొదటి డీన్ అయ్యాడు. 1978లో ప్రొవోస్ట్. ప్రెసిడెంట్ పదవి వస్తుందన్న నమ్మకంతో బర్క్లీ ఛాన్సలర్ పదవిని కూడా కాదన్నాడు. 1980లో ట్రస్టీలు ఆయన్ని కాదని షెల్డన్ హ్యాక్నీని ఎంచుకున్నారు. ఆయనా చరిత్రకారుడే. గ్రెగోరియన్ రాజీనామా చేశాడు. యాస ఉన్నవాడికి తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందన్న ప్రశ్న మనలో చాలామందికి ఆఫీసుల్లో ఎదురైందే గనక, ఈ భాగం చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆ దెబ్బ తర్వాతే ఆయన జీవితంలో అన్నిటికన్నా మంచి పని జరిగింది. 1981లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ పగ్గాలు పట్టాడు. 1975 నాటి నగర ఆర్థిక సంక్షోభం తర్వాత తెరిచి ఉంచే గంటలు తగ్గి, భవనం కళ తప్పి ఉంది. 1989లో వెళ్లేనాటికి 30 కోట్ల డాలర్లకు పైగా సేకరించాడు. ఇక్కడ ఆయన ఆజ్ఞలు వేయలేదు. ధనికులకూ, నగర పాలకులకూ, మామూలు పాఠకులకూ ఇది మీ ఇల్లు అని నచ్చజెప్పాడు. అఫ్ఘానిస్తాన్ పాఠం ఐదో ఎవెన్యూలో పనికొచ్చింది.

1989 నుంచి 1997 దాకా బ్రౌన్ యూనివర్సిటీ ప్రెసిడెంటుగా ఉన్న కాలం గురించి నాకంత సంతృప్తి లేదు. 50 కోట్ల డాలర్లకు మించి నిధులు పోగుచేశాడు, నిజమే. కాని 1992లో, కుటుంబ ఆర్థిక స్థితి చూడకుండా ప్రవేశాలివ్వాలని విద్యార్థులు పరిపాలనా భవనంలో బైఠాయిస్తే, అది వందలాది అరెస్టులతో ముగిసింది. అంత డబ్బు యూనివర్సిటీ దగ్గర లేదన్న వాదన తోసిపుచ్చేది కాదు. అయినా అతి కొద్ది డబ్బుతో బీరూట్ చేరిన కుర్రవాడు ఆ మెట్ల మీద ఏ వైపు నిలబడేవాడు? అమెరికన్ విద్యార్థులకు ఆ విధానం ఆయన వెళ్లాక, 2000 దశకంలో గాని రాలేదు. ఆత్మకథలో సహజంగానే ఒక పక్షమే గట్టిగా వినిపిస్తుంది. పుస్తకం రెండో సగంలో దాతల పేర్లు, విందులు, సన్మానాలు పెరిగి, ఇతరుల చరిత్రను నిలదీసిన రచయిత తన దగ్గరకొచ్చేసరికి మెత్తబడ్డాడు.

ఇంకో నష్టం కూడా ఉంది. అఫ్ఘానిస్తాన్ పుస్తకం స్థాయి చరిత్ర గ్రంథం ఆయన నుంచి మళ్లీ రాలేదు. మనకు కట్టమంచి రామలింగారెడ్డి గుర్తుకు రావాలి. కేంబ్రిడ్జ్‌లో చరిత్ర చదివి, 1926 నుంచి 1931 వరకు, మళ్లీ 1936 నుంచి 1949 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్‌ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆయన "కవిత్వతత్త్వ విచారము" 1914 నాటిది, అంటే కుర్చీ ఎక్కకముందుది. సంస్థను కట్టేవాడు ఎన్నో పుస్తకాలకు ఇల్లిస్తాడు, తన పుస్తకాన్ని మాత్రం బయటే వదిలేస్తాడు. ఆ బేరం లాభమో నష్టమో బయటివాళ్లు తేల్చలేరు.

గ్రెగోరియన్ 1997 నుంచి 2021లో చనిపోయేవరకు కార్నెగీ కార్పొరేషన్‌ను నడిపాడు. కాబట్టి చరిత్ర చదివితే పెద్ద పదవులొస్తాయని చెప్పడానికి ఆయన్ని ఉదాహరణగా వాడొచ్చు. నా మిత్రుడు అలాగే వాడాడు. నేను వాడను. అలాంటివాళ్లు లక్షకొకరు. ఈ జీవితం నాకు చెప్పింది ఇంకొకటి: ఒక సంస్థ ఎందుకు పాడైందో, జనం దేన్ని తమదనుకుంటారో చదవడం ఒక విద్య. అది ఏ ఉద్యోగంలోనైనా మనిషికి తోడుంటుంది, అయితే మనల్ని మనం చూసుకునేటప్పుడు కూడా దాన్ని పక్కన పెట్టకూడదు.

పుస్తకం మా అమ్మాయికిచ్చాను, తబ్రీజ్ అధ్యాయం ముందు చదవమన్నాను. "ఏం చేస్తావు" అని మళ్లీ అడగలేదు. "ఏం చదువుతున్నావు" అని అడుగుతున్నాను.