కొండవీటి కృతిభర్తలు

రాజవంశం ఎలా పెరిగిందో, ఎలా కూలిందో తెలియాలంటే శాసనాలు చూడమంటారు. నేనైతే అవతారికలు కూడా చూడమంటాను. కావ్యం మొదట్లో మనందరం దాటేసే కృతిభర్త వంశవర్ణన ఉంటుంది చూశారూ, అదే.

1323లో ఓరుగల్లు పడిపోయాక రెండు మూడేళ్ళలో అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి తలెత్తాడు. కొత్త రాజుకి కోటలెంత అవసరమో పురాణమూ అంతే అవసరం. ఎర్రన హరివంశం అతనికే అంకితమిచ్చాడు. అతనికే ఇచ్చిన రామాయణం మనకి దక్కలేదు. తర్వాత అనవోతారెడ్డి రాజధానిని కొండవీడుకి మార్చాడు. 1358లో మోటుపల్లి రేవులో వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. ఇక్కణ్ణుంచి కథలోకి సముద్రం వచ్చింది.

నన్ను వదలనిది శ్రీనాథుడి సంగతి. పెదకోమటి వేముడి ఆస్థానంలో ఆయన విద్యాధికారి. రాజూ తక్కువవాడేం కాదు, అమరుకానికి శృంగారదీపిక వ్యాఖ్య ఆయన పేరు మీదే ఉంది. అంత కవి, అంత రసికుడు ఒకే కొండ మీద ఉన్నారు. అయినా ఇవాళ మన చేతిలో ఉన్న శ్రీనాథుడి కావ్యాల్లో ఒక్కటీ ఆ రాజుకి అంకితం కాదు! శృంగారనైషధం మామిడి సింగన మంత్రికి వెళ్ళింది, హరవిలాసం అవచి తిప్పయ్యసెట్టికి. ఆ సెట్టిగారి అవతారిక చదవండి. సింహళం ఏనుగులు, హురుముంజి గుర్రాలు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టు... పద్యమా, ఓడ సరుకు చిట్టానా అనిపిస్తుంది. మన విమర్శ దీన్ని శ్రీనాథుడి విలాసం ఖాతాలో వేసేసింది. నాకది డబ్బెక్కడుందో తెలిసినవాడి లెక్కలా కనిపిస్తుంది. కుమారగిరి వసంతోత్సవాలకి సుగంధద్రవ్యాలు అందించింది ఆ ఇంటివాళ్ళే మరి. (అన్నట్టు, ఇప్పుడు కోట చుట్టూ ఎర్రగా ఆరబోసే మిరప అప్పటికి ఈ దేశానికే రాలేదు. కారానికి మిరియమే.)

పతనం దగ్గరికొస్తే అందరూ చెప్పేది ఒకే కథ. రాచవేముడు పురిటి మీద పన్ను వేశాడని, సవరం ఎల్లయ్య పొడిచి చంపాడని. ఒక దుర్మార్గుడు, ఒక కత్తి. చెప్పుకోడానికి బాగుంటుంది. కానీ అప్పటికే కుమారగిరి తన బావమరిది కాటయవేముడికి రాజమహేంద్రవరం ఇచ్చి రాజ్యాన్ని రెండు చేశాడు. రాచకొండ వెలమలతో పోరు ఆగలేదు. దక్షిణాన విజయనగరం కాచుకుని ఉంది. 1424 నాటికి కొండవీడు అయిపోయింది. శ్రీనాథుడు రాజమహేంద్రవరం చేరి కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికిచ్చాడు. చివరికి దొరికిన రాజు కూడా ఆ చీలిపోయిన కొమ్మవాడే.

ఇవాళ కొండవీటి పేరెత్తితే ఎవరి కులం ఎంత గొప్పదన్న వాదనే వినపడుతుంది. రాళ్ళెత్తినవాళ్ళ సంగతి సరే, కనీసం కావ్యాలకి డబ్బిచ్చిన తిప్పయ్యసెట్టి పేరైనా ఆ వాదనల్లో నాకెక్కడా తగల్లేదు.