నక్షత్ర దర్శనమునకు వాతావరణ సూచన చాలునా?

ఖమ్మమునుండి భద్రాచలము వైపు సాగిన కొలది వీధి దీపముల కాంతి తగ్గి, అడవి అంచు గ్రామములలో పాలపుంత కంటికి కనిపించును. నక్షత్ర దర్శనమునకు పాఠశాలలు ఇట్టి చోటునే కోరును. చోటు దొరకుట సులభము; రాత్రిని ఎన్నుకొనుటయే కష్టము. అమావాస్య దాపు రాత్రులు నెలకు కొద్దియే. ఎన్నిక తప్పినచో విద్యార్థులు నిద్ర కాచి, మబ్బును చూచి మరలుదురు. ఇందులకు ఉపాధ్యాయుని ముఖ్యాధారము భారత వాతావరణ శాఖ సూచన. అది ఈ పనికి ఎంతవరకు అక్కరకు వచ్చును?

1875లో స్థాపింపబడిన ఈ శాఖ వాన, తుపాను, ఎండల గూర్చి రైతునకును జాలరికిని తెలుపుటను ముఖ్యముగా ఎంచినది. “ఆకాశము పాక్షికముగా మేఘావృతమై యుండును” అను వాక్యమును చూడుడు. ఆకాశమును 8 భాగములుగా భావించి, మబ్బు కప్పిన భాగములను లెక్కించుట శాస్త్రజ్ఞుల పద్ధతి. ఈ లెక్క మబ్బు ఎంత యున్నదో చెప్పును గాని, ఎట్టిదో, ఏ వేళ నుండునో చెప్పదు. చుక్కలు చూచువానికి కావలసినవి ఈ రెండే.

చైత్ర వైశాఖములలో ఎండకు నేల వేడెక్కి, పైకి లేచిన గాలి చల్లబడి, దూదిపింజల వంటి మబ్బులు ఏర్పడును. కొన్ని ఉరుముల మబ్బులుగా పెరిగినను, చిన్నవి సూర్యాస్తమయము తరువాత తరచుగా కరగిపోవును. సూచనను చూచి కార్యక్రమమును మానినవారు మంచి రాత్రిని పోగొట్టుకొందురు. కార్తికమున బంగాళాఖాతములో వాయుగుండ మేర్పడినపుడు చాల ఎత్తున మంచు స్ఫటికముల పలుచని తెర దూరముగా వ్యాపించును. వాన పడకపోవచ్చును; పగలు సూర్యుడును కనిపించును; రాత్రి కృత్తికలు మాత్రము మసకబారును. మాట ఒకటే, ఫలితములు రెండు.

“నిర్మలాకాశము” అను మాటనైనను తరచి చూడవలెను. పుష్యమాసమున మబ్బులేని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోవును. గోదావరి దరిని తేమగల గాలి అట్లు చల్లబడి తెల్లవారుజామున పొగమంచగును. అనగా ఆకాశపు నిర్మలతయే పొగమంచునకు తోడ్పడుచున్నది. అట్టి దినములలో తొలిజామునే చూచుట మేలు.

ఋతువును ముందుగా ఎంచుట మరువరాదు. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు సమీపమున జపాల్–రంగాపురమునుండి శాస్త్రజ్ఞులు సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించిరి, అది పొడికాలము. 2009 జూలై 22న బీహారులోని తారేగ్నాకు గ్రహణము చూడ వచ్చిన జనులకు వానకాలపు మబ్బు అడ్డుపడినది.

కావున ఐదు దినముల ముందటి సూచనతో రెండు రాత్రులను ఎంచి ఉంచుకొనవలెను. ఆ సాయంకాలము ఇన్సాట్ ఉపగ్రహపు పరారుణ చిత్రమును చూడవలెను. ఎత్తైన చల్లని మబ్బు రాత్రి కూడ అందు తెల్లగా కనబడును. నేలను అంటిన మంచు స్పష్టముగా కనబడదు. మూడు గంటల సూచనలో పిడుగు మాట యున్నచో పిల్లలను మైదానమునకు పంపరాదు.

ప్రతి పాఠశాలయు ఒక పుస్తకమున సూచన వాక్యమును, ఆ రాత్రి కనబడిన ఆకాశమును ప్రక్క ప్రక్కన వ్రాసి ఉంచినచో, కొన్ని ఏండ్లకు శాఖ ఇవ్వజాలని స్థానిక జ్ఞానము విద్యార్థుల చేతనే సమకూరును.